జానెడు తక్కువ పంట్లాం

“ఈసారైనా పొడుగు చూసి తెచ్చావా?” కొత్త పంట్లాం మడత విప్పుతూ అడిగింది సొంబో.

“కొట్లో ఇదే పెద్దది పెద్దమ్మా. ఇంతకంటే పొడుగు కావాలంటే జిరాఫీలకి కుట్టేవాణ్ణి వెతకాలి,” అన్నాడు తాండి. అతను ఆమె చెల్లెలి కొడుకు, ఆ దీవి కొండల్లోని రంతెపావ్ పట్నంలో ఇంగ్లీషు పంతులు.

కొండరాతిలో తొలిచిన గుహ ముందు చాప మీద ఎర్రగుడ్డ మూట ఉంది. ఆ రోజు మానెనె. కోతలయ్యాక, పోయినవాళ్లని గుహల్లోంచి బయటికి తీసి, తుడిచి, కొత్తబట్టలు పెట్టే రోజు. చుట్టుపక్కల జనం తమ తాతలతో కబుర్లాడుతూ కాఫీలు తాగుతున్నారు. సొంబో మాత్రం మాటిమాటికీ దారి వైపే చూస్తోంది.

“వస్తారంటావా?”

“వచ్చేశారు. కింద కారాగింది.”

సొంబో మూటని దగ్గరికి లాక్కుంది. ఆ వచ్చేది మూటని తీసుకెళ్లేవాళ్లు.

డెబ్బయ్యేళ్ల కిందట జపాను సైనికులు, చేతికి చిక్కిన ఇద్దరు విమానం వాళ్లనీ, వాళ్లని దాచి అన్నం పెట్టిన సొంబో తండ్రినీ ఒకేరోజు కాఫీతోట వెనక చంపేశారు. అప్పటికి ఆమెకి ఐదేళ్లు. యుద్ధం అయ్యాక ఆ విమానం వాళ్ల దేశస్థులు వచ్చి గొయ్యి తవ్వి, తమవాళ్లని పట్టుకెళ్తూ, మూడో మూట సొంబో తల్లి చేతిలో పెట్టారు. మొదటి మానెనెకి ఆవిడ మొగుడి పంట్లాం తెచ్చి కాలి ఎముకల పక్కన పరిస్తే జానెడు తక్కువైంది. ఆవిడ కిక్కురుమనలేదు. పోయేముందు మాత్రం కూతురితో, “ఈయన మీ నాన్న కాదే. అయినా ఏ లోటూ చెయ్యకు. వాళ్లమ్మ దగ్గరుంటే చేసుకునేది,” అంది.

సొంబో లోటు చెయ్యలేదు. పోయినేడు జకార్తా నుంచి ఎముకల డాక్టరు వచ్చి మూటలోంచి ఒక పన్ను తీసుకున్నాడు. ఆమె నోట్లో దూది పెట్టి ఉమ్ము కూడా తీశాడు.

“పన్ను ఆయనది, ఉమ్ము నాదెందుకయ్యా?”

“మీ నాన్న కాదని తేలాలి కదమ్మా. ఇంకోచోట కూడా పనికొస్తుంది.”

తేలింది. మూటలో ఉన్నది క్లెమ్ అనే ఆస్ట్రేలియా కుర్రాడు. ఇరవై రెండేళ్లవాడు. అతని చెల్లెలు బతికే ఉంది.

ఆ చెల్లెలు మేవిస్, డాక్టరుతో కలిసి ఆయాసపడుతూ ఎక్కి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. చేతుల్లో చెక్కపెట్టె. తాండి అందుకోబోతే ఇవ్వలేదు.

“మకస్సర్ నుంచి పది గంటలూ ఒళ్లోనే పెట్టుకుందట,” అన్నాడు తాండి.

“ఖాళీ పెట్టెకి అంత ముద్దా!” గొణిగింది సొంబో. ఆ పెట్టెని చూస్తేనే ఆమెకి ఒళ్లు మండుతోంది.

మేవిస్ పెట్టెని నేలమీద పెట్టకుండా పీట వేయించుకుని పెట్టింది. సంచీలోంచి ఆకూవక్కా తీసి దానిమీద ఉంచి తల వంచింది.

“ఏరా, వచ్చినవాళ్లు ఆకూవక్కా ఇంటివాళ్లకివ్వాలి, నాకివ్వమని చెప్పలేదూ?”

“చెప్పాను పెద్దమ్మా...” మేవిస్ ఏదో అంటే వింటూ తాండి ఆగిపోయాడు. మొహం మారిపోయింది. “పెద్దమ్మా, ఆ పెట్టె గురించి ఆవిడ...”

“పెట్టె సంగతి తర్వాత. ముందు వాళ్లన్నని చూసుకోమను.”

సొంబో మూట విప్పింది. శుభ్రంగా తుడిచిన ఎముకలు, మధ్యలో ఎండిన లవంగాలు. మేవిస్ వాటిని ఒక్కొక్కటిగా నిమిరింది. సొంబో సిగరెట్టు వెలిగించి పుర్రె పక్కన పెట్టింది.

“వాళ్లన్న సిగరెట్టు ముట్టేవాడు కాదట.”

“ఈ డెబ్బయ్యేళ్లలో అలవాటు చేసుకున్నాడులే, చెప్పు.”

మేవిస్ కన్నీళ్లలోనే నవ్వేసింది. ఇద్దరూ కలిసి పంట్లాం పరిచారు. ఇంకా రెండు వేళ్లు తక్కువ.

“ఇంట్లోనూ ఇదే గోలట. వాళ్లమ్మ ఏటా అంచులు విప్పి కుట్టేదట,” అన్నాడు తాండి. “ఇంకో దీవిలో సైనికుల శ్మశానం ఉంది కదా, అక్కడ అన్న పేరున్న రాయి దగ్గర ఆవిడ ఇరవైసార్లు పూలు పెట్టిందట.”

“ఉత్త రాయికా? పాపం!” అంది సొంబో.

“అదే పెద్దమ్మా, ఆ పెట్టె...”

“తర్వాతన్నానా!”

మేవిస్ సొంబో రెండు చేతులూ పట్టుకుంది. తన అమ్మ చెయ్యాల్సినవన్నీ మీరు చేశారు, మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు అంటోందని తాండి చెప్పాడు.

“నేనే ఆయనకి చెప్పుకోవాలి. మా నాన్న చోటు బోసిపోకుండా ఇన్నేళ్లు నాతో ఉన్నాడు. ఏటా పక్కన కూర్చుని ఏడవడానికి నాకూ ఒకరున్నారు. అక్కకి చెప్పు, ఆయన మంచి మనిషి, ఒక్కసారీ నన్ను విసుక్కోలేదని.”

తాండి ఆ ముక్క సగం చెప్పి, అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. సొంబో లేచింది.

“సరే, తీసుకెళ్లనీ. వాళ్లమ్మ పక్కన పడుకుంటాడు. నా చేత్తోనే సర్దిపెడతాను.”

పీట దగ్గరికి వెళ్లి, ఆకూవక్కా పక్కకి తీసి, మూత మీద చెయ్యి వేసింది. తాండి గబుక్కున ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“అందులో ఆయనకి చోటు లేదు పెద్దమ్మా. ఆయనకి వేరే పెట్టె కారులో ఉంది.”

“మరి ఇదెందుకురా ఇంత దూరం మోసుకొచ్చింది?”

“ఆవిడ ఇన్నేళ్లూ పూలు పెట్టింది ఉత్త రాయికి కాదు పెద్దమ్మా. అందులో తాత ఉన్నాడు.”