ఒక్కరోజు సంచి

"ఆ సంచిలో ఎన్ని నీళ్లు పోస్తున్నావమ్మా? బిందె నింపినట్టు నింపేస్తున్నావు!" టైలరు గోల పెట్టాడు.

"గ్లాసుడే బాబాయ్, కదలకండి." నర్సు ఆయన బొడ్డుకు కుడిపక్కన, కాస్త కిందగా, పల్చటి సంచి అతికించి అరచేత్తో అదిమి పట్టింది. "రేపు సాయంత్రం దాకా తీయొద్దు. షాపుకు వెళ్లండి, మీ పని మీరు చేసుకోండి. ఆపరేషన్‌కి ఔనో కాదో ఆ తర్వాత చెప్పండి."

పక్కన కూర్చున్న భార్య ఆయన కదలకుండా భుజం పట్టుకుంది. వారం రోజులుగా బతిమాలీ బతిమాలీ ఆవిడ నోరు నొప్పెట్టింది.

వారం కిందట డాక్టరు దాచకుండా చెప్పేశాడు. మూత్రాశయంలో వచ్చిన క్యాన్సర్ మొండి రకం, అప్పుడే కండరంలోకి దిగింది. "మొన్నటిలా లోపల గీకేసి పంపించేయండి సార్," అన్నాడు టైలరు. "గీకితే పోయే దశ దాటిపోయింది. మూత్రాశయమే తీసేయాలి. ఆలస్యం చేస్తే ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు," అన్నాడు డాక్టరు. తీసేస్తే ఇక బతికినంత కాలం ఒంటేలు పొట్టమీద అతికించిన సంచిలోకి రావలసిందే. "చావనైనా చస్తాను గానీ పొట్టకు సంచి వేలాడేసుకుని కస్టమర్ల ముందు నిలబడను," అని టైలరు లేచి వచ్చేశాడు. మెడలో టేపుతోనే పుట్టాడని భార్య ఎగతాళి చేసే మనిషి. ఆ షాపే ఆయన లోకం. ఒక్కరోజు సంచి పెట్టుకుని చూడమని నర్సు అనకపోతే, ఆయన మళ్లీ ఆసుపత్రి గడప తొక్కేవాడు కాదు.

మర్నాడు చొక్కా బయటికి వదిలి షాపు తెరిచాడు. మిషన్ తొక్కుతుంటే పొట్టమీద నీళ్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. మధ్యాహ్నం లోపల ముగ్గురు వచ్చి వెళ్లారు, ఎవరూ ఏమీ అనలేదు. వీళ్లదేముంది, అద్దంలో తమను తాము చూసుకునే రకం అనుకున్నాడు.

అప్పుడు దిగాడు పావంగుళం.

అది ఆయన అసలు పేరు కాదు. ఆయనొక రిటైరైన సర్వేయరు. పావంగుళం తేడా ఉందని మూడుసార్లు ప్యాంటు తిప్పి పంపినందుకు, ఈ భార్యాభర్తలు చాటుగా పెట్టుకున్న పేరది. ఆ కళ్లకు దొరకని తప్పు లేదు.

"పాత కొలతలేనా సార్?"

"కొలవవయ్యా. నడుంపట్టీ బొడ్డు దాటి పైకి రావాలి, ముందు మడతలు వదులుగా ఉండాలి. టేపు బిగించకు, నాకు పడదు."

"మీరు మొదటిసారి వచ్చినప్పటి నుంచీ ఇదే పాట సార్. ఒక్కసారి ఈ కాలం ప్యాంటు వేసుకోండి, పదేళ్లు తగ్గుతారు."

"తగ్గి ఏం చేయను? మళ్లీ ఉద్యోగానికి పోనా?"

టైలరు నవ్వుతూనే కాలి పొడవు కొలవడానికి వంగాడు. సంచి నొక్కుకుని గుడగుడమంది. అయిపోయింది, ఇక బజారంతా టాంటాం అనుకుంటూ తలెత్తాడు.

పావంగుళం పైకప్పు వైపు చూస్తున్నాడు. "ఆ ఫ్యాను చూడు, ఎలా గోల పెడుతోందో! బాగు చేయించవయ్యా."

"అలాగే సార్, అలాగే!" టైలరుకు పోయిన ప్రాణం లేచి వచ్చింది. "ప్యాంటు ఎల్లుండికి కావాలా?"

"తొందరేం లేదు. మూడు నెలల తర్వాత ఇవ్వు. కానీ నువ్వే కుట్టాలి. ఇంకెవరికైనా ఇచ్చావో, ఊరుకోను."

ఎప్పుడూ ఎల్లుండికే కావాలని పీక మీద కూర్చునే మనిషికి ఇంత ఓపిక ఎక్కడిదో టైలరుకు అర్థం కాలేదు. వయసు మీద పడి మెత్తబడ్డాడనుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూనే భార్యను కేకేశాడు. "ఏమేవ్, పావంగుళానికే కనపడలేదంటే ఇక లోకంలో ఎవడికీ కనపడదు. పద, సంతకం పెట్టేస్తాను." ఆవిడ గుమ్మంలోనే కూలబడి భోరుమంది. ఆయన కళ్లు కూడా తడిశాయి.

ఆపరేషన్ ఆరు గంటలు పట్టింది. పదోరోజున డాక్టరు రిపోర్టు చదివి, "చుట్టుపక్కల ఎక్కడా పాకలేదు, నిశ్చింతగా ఉండండి," అన్నాడు. టైలరు మంచంమీద నుంచే డాక్టరుకు, నర్సుకు, చివరికి గది తుడిచే ఆవిడకు కూడా దణ్ణం పెట్టాడు. "ఇంతమంది తలో చెయ్యి వేస్తే నేను మిగిలాను," అన్నాడు భార్యతో. కానీ అందరికంటే ముందు, ఆ రోజు ఏమీ గమనించని పెద్దమనిషికి మనసులో దణ్ణం పెట్టుకున్నాడు.

"బాబాయ్," అంది నర్సు, "కొత్తగా సంచి పెట్టించుకున్నవాళ్లకు ధైర్యం చెప్పడానికి ప్రతి బుధవారం ఒకాయన వస్తారు. పన్నెండేళ్లుగా సంచితోనే తిరుగుతున్నారు. రమ్మననా?"

"పన్నెండేళ్లా! రానీ తల్లీ. పాపం, ఆయనకు ఎవరు కుడుతున్నారో ఏమో. ఇకనుంచి నేను కుట్టి పెడతాను."

నర్సు నవ్వి తలుపు తీసింది.

గుమ్మంలో పావంగుళం నిలబడి ఉన్నాడు.