వసంత ఆహ్వాన సంఘం

పెరట్లో వేపచెట్టు ఆకులన్నీ రాల్చుకుని చలికి వణుకుతుంటే, దాని కింద వసంత ఆహ్వాన సంఘం వెలిసింది. కొంగ అధ్యక్షుడు. ఎవరేమన్నా తల ఊపుతుంది కాబట్టి తొండ కార్యదర్శి. పెరట్లోని పక్షులన్నీ సభ్యులు.

పైకొమ్మ మీద ఉడుతమ్మ కాపురం. పొద్దున్నే పిల్లల్ని ఎండలో పడుకోబెట్టి వీపులు నాకేది. గూట్లో కొత్త కొబ్బరి పీచు సర్దేది. తర్వాత ఒక్క చింతగింజ పట్టుకుని సాయంత్రం దాకా తీరిగ్గా కొరుక్కునేది.

"చూడమ్మా, ఆ పీచు గూడు తీసెయ్. వసంతం వచ్చినప్పుడు చెట్టు కింద మన వేదికకు సరిగ్గా పైన అసహ్యంగా కనిపిస్తుంది," అంది కొంగ. తొండ తల ఊపింది.

"పిల్లలు పడుకున్నారండీ. లేచాక చూద్దాం," అంది ఉడుతమ్మ.

వసంతానికి దండ ఎవరు వెయ్యాలి, పక్కన ఎవరు నిలబడాలి అని సభ్యులు నెల్లాళ్లు కొట్టుకున్నారు. ఎండ హాయిగా ఉందని ఒక్కరూ అనలేదు. అది ఎజెండాలో లేదు.

ఒకరోజు కొంగ ఉపన్యాసం మధ్యలో నెత్తిన తెల్లగా ఏదో రాలింది. తలెత్తి చూస్తే చెట్టంతా చిగురు, పూత.

సంఘం అప్పటికప్పుడు అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షులవారికి కబురు చెయ్యకుండా వచ్చింది కనుక ఇది వసంతం కాదని తీర్మానించింది. తొండ తల ఊపింది.

"అలాగేనండీ," అంది ఉడుతమ్మ, పిల్లల వీపుల మీద పూత దులుపుతూ. "అసలుది వచ్చేదాకా మేం దీంతోనే సర్దుకుంటాం."