సిర్కా వాసన

బాలనర్సమ్మ పాత్రలో ద్రావణం పోసి, మూత కోసం పక్క గదిలోకి వెళ్లింది. హమీద్ చూస్తున్నది ఆ అదను కోసమే.

తొంభై తొమ్మిది ఎండాకాలంలో నల్గొండ కాలేజీ ల్యాబులో ఇద్దరిదీ ఒకటే పని. రాగి ఉప్పునూ ఒక కర్బన పదార్థాన్నీ కలిపి ఓవెన్‌లో పెడితే, రెండూ చేతులు పట్టుకుని అల్లుకుని, లోపలంతా బొక్కలున్న స్ఫటికం కావాలి. ఆ బొక్కల్లో నీళ్లలోని ఫ్లోరైడ్ చిక్కుతుందేమోనని వాళ్ల సార్ ఆశ. ఇప్పటిదాకా ఇద్దరికీ వచ్చింది నీలం పొడే. ముందుగా స్ఫటికం తీసినవాళ్లను హైదరాబాద్‌లో పెద్ద ల్యాబుకు పంపుతానని సార్ మాటిచ్చాడు.

హమీద్ నాలుగేళ్లు సీనియర్. అయినా సార్ ఏం కావాలన్నా బాలనర్సమ్మనే పిలుస్తున్నాడు. నిన్నగాక మొన్న రామన్నపేట నుంచి వచ్చిన పిల్ల నెత్తికెక్కుతుంటే కడుపు మండదా? మండింది. అన్నం కూడా సయించడం మానేసింది.

వేరే ఆసిడ్ అడ్డం పడితే రాగీ కర్బనమూ చేతులు కలపవని అతని లెక్క. సిర్కాలో, అంటే వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆసిడ్ ల్యాబు మొత్తంలో తన బీరువాలోనే ఉంది. అది ఆమె పాత్రలో దండిగా వంపి, ఏమీ ఎరగనట్టు కుర్చీలో కూర్చున్నాడు. ఆమె వచ్చి మూత బిగించింది.

సోమవారం సార్ ముందరే మూత తీసింది. గుప్పున సిర్కా వాసన వచ్చింది. సార్ కళ్లు మాత్రం పాత్ర అడుగునే ఉన్నాయి. ఆవగింజలంతేసి నీలం స్ఫటికాలు! ఆసిడ్ అల్లికను ఆపలేదు, నెమ్మదించేలా చేసింది. నెమ్మదిగా అల్లుకోబట్టే పొడి కాలేదు. హమీద్ తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. వేడి చేస్తే అవి ముదురు నీలమయ్యాయి, గాలిలోని తేమ తగిలి మళ్లీ లేతబడ్డాయి. సార్ మురిసిపోయి, ఇంకొక్కసారి తీస్తే పేరు పంపుతానన్నాడు.

మళ్లీ చేసింది. పొడి. ఇంకోసారి చేసినా పొడే. హమీద్‌కు చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది. ఆమె చేతులెత్తేస్తే తనే ఆసిడ్ పోసి స్ఫటికాలు తీస్తాడు. హైదరాబాద్ తనదే.

“ఫికర్ చెయ్యకు చెల్లె, ఒక్కోపారి గట్లనే అయితది,” అని ఓదార్చాడు కూడా.

శుక్రవారం సార్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఇది కూడా పొడైతే ఇక హమీద్ చేస్తాడని తేల్చి చెప్పాడు. బాలనర్సమ్మ ద్రావణం పోసింది కానీ మూత పెట్టలేదు. నేరుగా హమీద్ బీరువా దగ్గరికి వెళ్లి, ఆసిడ్ సీసా తెచ్చి అతని చేతిలో పెట్టింది.

“మూత తీసిన్నాడే సిర్కా వాసనొచ్చింది హమీదన్నా. నేను గూడ పోసి చూసిన. ఎంత పొయ్యాల్నో తెల్వకనే రెండుసార్లు పొడైంది,” అంది నిమ్మళంగా. “జర ఆనాడు పోసినంతే పొయ్యి. సార్ సూస్తాండు.”