ఇంటి నంబరుతో సహా

జాబితాలో నలభై పేర్లున్నాయి. అమృత పేరు లేదు.

"ఇంగోసారి చూడుమా," అంది తొమ్మిదేళ్ల అమృత.

అన్నపూర్ణమ్మ ఫోనులో పైనుంచి కిందికి మళ్లీ వేలు జరిపింది. లేదు.

పెనుకొండలో సెలవుల సైన్సు శిబిరం పెట్టారు. ఆకాశంలో యాడో మనలాంటివాళ్లుంటే వాళ్లకు పిల్లలు ఉత్తరం రాయాలి. బాగున్నవాటిని ఫొటోతో సహా నెల రోజులు ఇంటర్నెట్‌లో పెట్టి, ఆనక పెద్ద యాంటెనాతో చుక్కల్లోకి పంపుతారట. అమృత అక్కడే కూర్చుని రాసిచ్చి వచ్చింది.

బిడ్డ జాబు చుక్కల్లోకి పోతుందని ధర్మవరంలో తమ వీధి వీధంతా అప్పుడే చెప్పుకుంది అన్నపూర్ణమ్మ.

"ఏం అన్నపూర్ణా, నీ బిడ్డ జాబు చుక్కల దాకా పోలేదంటనే? పెనుకొండ పోస్టాఫీసులోనే నిలిచిపాయనా?" ఎదురింటి ఆదిలక్ష్మమ్మ నవ్వింది.

ఆ పూట అమృత సంగటి ముట్టలేదు.

అన్నపూర్ణమ్మకు మామూలుగా అన్నీ భయాలే. తప్పిపోతుందేమోనని బిడ్డకు అఆలకంటే ముందు ఇంటి నంబరు నేర్పింది. చెప్పుల అడుగున కూడా చిరునామా రాసింది. మోసగాళ్లేమోనని, తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఎత్తదు.

ఇప్పుడు మాత్రం భయం లేదు. కడుపులో మంటే.

"ఎవడు తీసేసినాడో వాణ్ణి ఆడ ఉండనిస్తే చూడు!"

మంగళవారం హిందూపురంలో చీరలిచ్చి, తిరుగు రైల్లో పెనుకొండలో దిగింది.

శిబిరంలో కంప్యూటరు ముందు యాభై దాటిన ఒకాయన ఉన్నాడు. చొక్కా కాలరు చిరిగింది.

"నా బిడ్డ ఉత్తరం తీసేసింది ఎవురు?"

"అమృత వాళ్లమ్మగారా? నేనేనమ్మా. మీకు మూడుసార్లు ఫోన్ చేసినా. ఇది చదవండి..." రెండు కాగితాలు కలిపి గుండుసూది గుచ్చిన మడత అందించాడు.

లాక్కుని సంచిలో కుక్కింది. "నీ సంజాయిషీ ఎవురిక్కావల్లప్పా? నా బిడ్డ సరిగా తిని రెండు దినాలాయె. నీకొక ఆడబిడ్డ ఉండింటే తెలిసేది, ఆ ఏడుపేందో!"

ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

దాంతో ఆమెకు ఇంకా బలమొచ్చింది. శిబిరం పెట్టిన కృష్ణకాంత్ గది ముందు నిలబడి గొంతెత్తింది.

"పేపరోళ్లను పిలుస్తా సార్. ఈ మనిషి ఈడ ఉండకూడదు. నా బిడ్డ ఉత్తరం ఇప్పుడే, నా కండ్ల ముందర పెట్టాల. ఒక్క అచ్చరం తగ్గినా ఊరుకోను!"

కృష్ణకాంత్‌కు చెమట పట్టింది. "ఏసుదాసూ, స్కాన్ చేసిందుంది కదా, ఎక్కించెయ్."

"వద్దు సార్. ఆ పాప..."

"అయితే నువ్వు లెయ్. రేపట్నుంచి రావద్దు."

కృష్ణకాంతే కూర్చుని ఎక్కించాడు. తెర మీద అమృత ఫొటో నవ్వింది. అన్నపూర్ణమ్మ ఆ నవ్వే చూసింది.

ఏసుదాసు టిఫిను డబ్బా తీసుకుని, పాత మోపెడ్ తోసుకుంటూ గేటు దాటేదాకా కళ్లారా చూసింది. కడుపు చల్లబడింది.

రైలు గంటన్నర ఆలస్యం. ఎక్కి కూర్చున్నాక, బిడ్డ ఏం రాసిందో చూద్దామని మడత విప్పింది.

'చుక్కల్లో ఉండేవాళ్లకు నమస్కారం. మా ఇంటి నంబరు...' వీధి, ఊరు, ఫోను, అన్నీ తను నేర్పినట్టే. 'నాయన హిందూపురం ఫ్యాక్టరీలో ఉంటాడు, ఆదివారమే వస్తాడు. మంగళవారం అమ్మ చీరలిచ్చేకి పోతాది. బయట తాళం వేసి, తాళంచెవి మీటరు పెట్టె మీద పెడతాది. లోపల నేనొక్కదాన్నే ఉంటా. తీసుకొని రండి. భయపడొద్దు.'

రెండో కాగితం ఆయన చేతిరాత. 'అమ్మా, దీన్ని లోకమంతా చదువుతుంది. ఇంటి గుర్తులు లేకుండా పాపతో ఇంకొకటి రాయించండి. శనివారం దాకా చోటు ఆపి పెడతాను.'

ఈరోజు మంగళవారం.

జాబితా పంపిన కృష్ణకాంత్ నంబరుకు ఫోన్ చేసింది.

"మీరే కదమ్మా పెట్టమనింది? రేపు పొద్దున చూస్తాంలే."

ఎదురింటి ఆదిలక్ష్మమ్మకు చేస్తే ఎత్తలేదు.

ధర్మవరంలో ఆటో మలుపు దాకే వచ్చింది. దిగి పరుగెత్తింది.

మీటరు పెట్టె మీద తాళంచెవి లేదు.

"అమృతా!" తలుపు బాదింది.

కిటికీలోంచి చిన్న చెయ్యి బయటికొచ్చింది. అందులో తాళంచెవి.

"ఒకాయప్ప వచ్చి ఇచ్చినాడుమా. మీ యమ్మకు తప్ప ఎవురికీ ఇయ్యద్దు పాపా, అడిగితే నాకు గూడా ఇయ్యద్దు అన్యాడు. ఆ ఎదురరుగు మీదనే కూచోనుండె. నువ్వు మలుపు తిరగంగానే లేచి పాయె."

అరుగు ఖాళీగా ఉంది. దూరంగా మోపెడ్ చప్పుడు సన్నగిల్లింది.

ఆయన ఇల్లెక్కడో రాశాడేమోనని చీటీని తిప్పి చూసింది.

పదకొండేళ్ల కిందటి కరపత్రం అది, రెండు జడల పాప ఫొటో కింద వెలిసిన అక్షరాలు: 'కనబడుట లేదు. సుగుణ, వయసు తొమ్మిదేళ్లు. ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు... ఆచూకీ తెలిసినవారు తెలుపగలరు. తండ్రి, ఏసుదాసు.'