సగం బీరువా

"ఇదీ ఇచ్చేయ్" అంటూ అమ్మ ఊదారంగు కోటు తీసి మంచం మీదికి విసిరింది. కుప్ప అప్పటికే దిండ్లు దాటింది. కూతురు కోటు మడతపెడుతూ అమ్మ మొహంలోకి చూసింది. ఆ మొహంలో బెంగ అన్నది మచ్చుకైనా లేదు. అదే ఆమెకి మరీ భయంగా ఉంది.

ఆ బీరువా తలుపు పడక మూడేళ్ళయింది. స్టూలు అడ్డం పెట్టి నెట్టుకొస్తున్నారు. అమ్మది కుట్టుపని. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళకి కుడుతూ, నచ్చిన గుడ్డ కంటపడితే తనకీ ఒకటి కుట్టుకుంది. కుట్టుకున్నదేదీ పారేసిన పాపాన పోలేదు. అలాంటి మనిషి నిన్న ఫోన్ చేసి, ఆదివారంలోగా బీరువా సగం ఖాళీ చెయ్యాలి, సాయానికి రమ్మంది. నీతో ఒక మాట కూడా ఉంది, వచ్చాక చెప్తానంది. ఆ మాటేమిటో కూతురికి అప్పుడే తెలిసిపోయింది.

తెలియకేం? ఆమె ఉద్యోగం బీమా ఆఫీసులో. దరఖాస్తుల్లో జనం దాచిపెట్టే జబ్బుల్ని బయటికి లాగడమే ఆమె పని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవరూ చూడరనుకుంటుందట. అలాంటి పిల్లుల్ని రోజుకి పదిమందిని పట్టుకుంటుంది. కన్నతల్లి దాస్తే మాత్రం దాగుతుందా?

పైగా కింది వాటా ఆవిడ రెండు వారాల కిందటే చెవిన వేసింది, మీ అమ్మ రోజూ సాయంత్రం వీధి చివర మందుల షాపుకి వెళ్తోంది, ఒక్కరోజైనా మానడం లేదమ్మా అని. అందుకే కూతురు పొద్దున్న వచ్చీ రాగానే మంచినీళ్ళ వంకతో వంటగది అరలు, ఫ్రిజ్జు, దిండు కింద, కుట్టుమిషను సొరుగు, అన్నీ గాలించింది. ఒక్క మాత్ర కూడా దొరకలేదు. ఇంత జాగ్రత్తగా దాచిందంటే చిన్నాచితకా జబ్బు కాదని తేల్చుకుంది. నాన్న పోయి పదకొండేళ్ళు. ఇప్పుడు అమ్మ కూడానా అనుకుంది.

ఆకుపచ్చ గౌను చేతికి వచ్చింది. నడుము దగ్గర కొత్త కుట్టు కనిపించింది.

"ఎంత లోపలికి కుట్టావు?"

"రెండంగుళాలు. పూర్తిగా వదులైపోయింది" అంది అమ్మ, అదేదో ఘనకార్యమన్నట్టు.

రోజూ నడుస్తున్నానని చెప్పింది. ఒక్కదానివేనా అని అడిగితే వినపడనట్టు బీరువాలో తల దూర్చింది. ఆ గౌను మాత్రం ఇవ్వొద్దు, ఆదివారం వేసుకోవాలని లోపల్నుంచే అరిచింది. బరువు తగ్గడం అని కూతురు మనసులో టిక్కు పెట్టుకుంది. ఆదివారం పూట ఏ ఆస్పత్రి చేర్చుకుంటుందా అని కూడా ఆలోచించింది.

ఎడమవైపు సగం ఖాళీ అయింది. అమ్మ మెడలోంచి టేపు తీసి కమ్మీ కొలిచి, సరిపోతుందిలే అని తనలో తనే అనుకుంది. తర్వాత సంచీలోంచి అరడజను కొత్త హ్యాంగర్లు తీసింది. భుజాలు వెడల్పుగా ఉన్న చెక్క హ్యాంగర్లు. వాటిని ఖాళీ కమ్మీకి ఒకటొకటే తగిలించింది. బట్టలన్నీ తీసేసి ఉత్త హ్యాంగర్లు తగిలించడమేమిటి? కూతురు కాస్త తికమకపడింది గానీ వెంటనే తేరుకుంది. మతిమరుపు అని ఇంకో టిక్కు పెట్టింది.

చిట్టచివర, అన్నిటికీ అడుగున, నాన్న నీలం చొక్కా బయటపడింది. దాని కాలరు చిరిగితే అమ్మే తిరగేసి కుట్టింది. అమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని నిమిరింది. తర్వాత చక్కగా మడిచి కూతురి చేతిలో పెట్టింది.

"ఇది ఇకమీద నీ దగ్గరుండాలి."

"ఇన్నేళ్ళూ నీ దగ్గరే ఉందిగా అమ్మా. ఉండనీ."

"ఇన్నేళ్ళ సంగతి వేరు. ఇక ఇక్కడుంటే బాగుండదు. నువ్వయితే భద్రంగా చూసుకుంటావు."

దాంతో బీమా ఆఫీసు పులి కాస్తా చంటిపిల్లయిపోయింది. చొక్కాలో మొహం దాచుకుని బావురుమంది. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు. ఇక లాభం లేదని అడిగేసింది.

"నా దగ్గర దాచకమ్మా. ఏం జబ్బు నీకు? రోజూ మందుల షాపుకి వెళ్తున్నావని నాకు తెలుసు. ఏదైనా సరే, నేనున్నాను. ఆదివారం నేనూ నీతో వస్తాను."

అమ్మ టేపు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. మొహం కందిపోయింది. జ్వరమేమోనని కూతురు నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని, కిందికి దించి, ఆమెని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నువ్వు రాకపోతే ఎలాగే తల్లీ" అంది మెల్లగా. "పొద్దుట్నుంచి ఆ మాటే నోట్లో నానుతోంది."

"చెప్పు మరి."

"ఆదివారం నాకూ ఆ మందుల షాపాయనకీ పెళ్ళి."