619వ సమాధి

సీదీ యాసిన్ ఖబరస్తాన్ ఆఫీసులో చీకటి పడ్డాక ఇద్దరే మిగిలారు. కంప్యూటర్ ముందు గుమాస్తా ఇబ్తిసామ్, ఎదుటి బల్ల మీద ముసలి అబ్దెస్లాం. ఆయన భార్య తామూ సమాధి నంబరు 619. ఆ వివరాలను ఆ రోజు ఎవరో పొరపాటున చెరిపేశారు. జాబితాలో 619 ఖాళీగా కనబడేసరికి ఆ చోటును మర్నాడు తెల్లవారుజామున జరిగే ఖననానికి ఇచ్చేశారు.

ఇబ్తిసామ్ తామూ పేరు మళ్లీ ఎక్కించింది. కంప్యూటర్ తనంతట తానే తర్వాతి నంబరు, 8843, వేసింది.

"అది దానిది కాదు తల్లీ," అన్నాడు అబ్దెస్లాం. "చోటు మారితే దానికి నిద్ర పట్టదు. పెళ్లయిన కొత్తలో నెల రోజులు నన్నూ పడుకోనివ్వలేదు."

ఇంతలో ఫోన్ మోగింది. కాపలాదారు జిలాలీ.

"అమ్మా, తవ్వేవాళ్లు సాయంత్రమే వెళ్లిపోయారు. కానీ 619 దగ్గర పార చప్పుడు వినిపిస్తోంది. లైటు వేసి చూశా. మనిషి లేడు. మట్టి మాత్రం పైకొస్తోంది."

ఇబ్తిసామ్ కీబోర్డు దగ్గరకు జరిగింది. "ఫోన్ పెట్టకు," అంది.

కంప్యూటర్ వేసే నంబరును ఆపి, మనమే నంబరు ఇచ్చే అనుమతి ఒకటుంది. దాన్ని ఆమె ఎన్నడూ వాడలేదు. ఇప్పుడు ఆ అనుమతి తెరిచింది. 8843 తీసేసి, 619 అని, తామూ అని కొట్టింది. కంప్యూటర్ ఒప్పుకుంది. వెంటనే అనుమతి మూసేసింది.

"ఆగిందమ్మా! చప్పుడు ఆగిపోయింది!" జిలాలీ కేక గదంతా వినిపించింది.

అబ్దెస్లాం లేచి రెండు చేతులూ పైకెత్తాడు. ఇబ్తిసామ్ బల్ల మీద చరిచి నవ్వింది. "ఇక మీ ఆవిడని ఎవడూ కదపలేడు, బాబాయ్!"

ఫోన్‌లో జిలాలీ గొంతు తగ్గింది.

"అమ్మా... ఇప్పుడు మట్టి పూడుస్తున్న చప్పుడొస్తోంది."