ఏమీ తెలియనివాడు

"ఒక గుండీ తప్పించి పెట్టక్కా," అన్నాడు ప్రహ్లాద్.

చంద్రపూర్ సర్కారీ దవాఖానాలో మెడికల్ బోర్డు గది ముందున్న బెంచీ మీద కూర్చున్నారు ముగ్గురూ. కమలాక్షి కొడుకు చొక్కా వైపు చూసింది. గుండీలన్నీ వరసగా, పద్ధతిగా ఉన్నాయి. సంజీవ్‌కు ముప్పై నాలుగేళ్లు. ఆ గుండీలు పెట్టుకోవడం నేర్పడానికి ఆమెకు రెండేళ్లు పట్టింది.

"వద్దు తమ్మీ. నాకు చేతులు రావు."

"మరెట్ల? బావ ఫించను ఇప్పుడు నీకొస్తది. నీ తర్వాత ఎదిగిన కొడుక్కు రాదు. సొంతంగ బతకలేడని బోర్డు రాసిస్తేనే వీనికి బతికినన్ని దినాలు వస్తది. పోయినేడు నువ్వేం చేసినవ్? వీడు చెప్పిందల్లా ఉన్నదున్నట్టు డాక్టరుకు చెప్పినవ్. చిన్న చిన్న పనులు చేసుకుంటడని రాసిన్రు. ఆ ఒక్క ముక్కకే కాయిదం వాపసొచ్చింది."

వరసకు తమ్ముడైన ప్రహ్లాద్, చనిపోయిన ఆమె భర్త బాపురావుతో కలిసి నీటిపారుదల ఆఫీసులో పనిచేసినవాడు. ఫించను రూల్సన్నీ అతనికి నోటికి వచ్చు. ఒక్క సంగతి మాత్రం నోట రానివ్వడు. దీపావళి దాటడం కష్టమని కమలాక్షికి నాగ్‌పూర్ డాక్టర్లు చెప్పేశారు. ఆ మాట ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనరు. సంజీవ్‌కు అసలే చెప్పలేదు.

ఆమె ఒక గుండీ విప్పి కింది కాజాలో పెట్టింది. సంజీవ్ వంగి చూసుకున్నాడు.

"తప్పు పడ్డది అమ్మా," అని నవ్వి, విప్పి మళ్లీ సరిగ్గా పెట్టుకున్నాడు. మెచ్చుకుంటుందేమోనని ఆమె ముఖం చూశాడు. ఎప్పుడూ మెచ్చుకునేది మరి.

కమలాక్షి తల తిప్పుకుంది.

"పోనీ తియ్యి," అన్నాడు ప్రహ్లాద్. "డాక్టరమ్మ కొత్తామె, పుణె నుంచి వచ్చింది. ఆమెకు తెలుగు రాదు. వీనికి మరాఠీ రాదు. నడుమ మాట చెప్పేది నువ్వే. ఏమడిగినా తెలియదంటుండని చెప్పు. ఇంకేం చెప్పకు."

లోపల డాక్టరమ్మ మంచిగానే మాట్లాడింది. మంచినీళ్లు ఇప్పించింది. అబ్బాయికి మరాఠీ వస్తుందా అని మరాఠీలో అడిగింది.

"రాదు మేడమ్. బడికి పోలేదు. ఇంట్లో తెలుగే," అంది కమలాక్షి, తనకొచ్చిన మరాఠీలో.

"అయితే మీరే అడగండి. ఇవాళ ఏ వారం?"

ఆమె తెలుగులో అడిగింది.

"బేస్తారం," అన్నాడు సంజీవ్ టక్కున. ఆ రోజు గురువారమే.

"మాహీత్ నాహీ," అంది కమలాక్షి డాక్టరమ్మతో. తెలియదట.

"పాలు పొంగితే ఏం చేస్తాడు?"

"మంట తక్కువ చేస్త."

"మాహీత్ నాహీ."

"బజారులో తప్పిపోతే?"

"ఉన్న జాగలనే నిలవడ్త. యాడికి పోను. అమ్మ వస్తది."

ఈ జవాబు నేర్పింది కమలాక్షే. నేర్పిన రోజున తను ఎప్పటికీ వస్తూనే ఉంటాననుకుంది. ఇక దీపావళి తర్వాత వీడు ఏ బజారులో ఎంతసేపు నిలబడినా ఎవరూ రారు.

"ఏమంటున్నాడు?"

"మాహీత్ నాహీ."

డాక్టరమ్మ రాసుకుంది. "ఇంట్లో గానీ బయట గానీ ఏదైనా పని చేయగలడా? ఇది మిమ్మల్నే అడుగుతున్నాను."

పొద్దున్నే నల్లా దగ్గర మరాఠీవాళ్ల వరసలో నిలబడి నీళ్లు పట్టేది వాడు. బియ్యంలో రాళ్లు ఏరేది వాడు. ఆమె కాళ్లు వాచి లేవలేని రోజున పక్కన కూర్చుని నూనె రాసేదీ వాడే.

"ఏ పనికీ రాడు మేడమ్," అంది. ఒకసారి మొదలుపెట్టాక ఆపుకోలేకపోయింది. "తిండి తినడం ఒక్కటే తెలుసు. మట్టిముద్ద. కన్నాను గనక సాకుతున్నాను గానీ, వీడు మనిషి కాలేదు."

ఇంత మాట అంటుంటే వాడికి ఒక్క ముక్క కూడా అర్థం కానివ్వని దేవుడికి మనసులోనే దండం పెట్టుకుంది. కొంగుతో కళ్లు తుడుచుకుని కొడుకు వైపు చూసింది. సంజీవ్ చేతులు ఒళ్లో పెట్టుకుని గోళ్లు చూసుకుంటున్నాడు. పొద్దుటి నుంచి తిండి లేదు, ఆకలేస్తున్నట్టుంది అనుకుంది. బయటికి పోగానే అటుకుల పోహా తినిపించాలి.

"సరేనమ్మా, ఏడవకండి. సొంతంగా బతకలేడు, జీవితాంతం ఒకరి సాయం కావాలి అని రాస్తున్నాను," అంది డాక్టరమ్మ. కమలాక్షి రెండు చేతులూ జోడించింది. ఇక తను పోయినా వీడికి ముద్ద దొరుకుతుంది. అంతకన్నా ఆమెకు కావలసింది ఏమీ లేదు.

సంతకం చేయబోతూ డాక్టరమ్మ ఆగింది. "ఒక్క ప్రశ్న మిగిలింది," అని కలంతో కమలాక్షి వైపు చూపిస్తూ సంజీవ్‌నే అడిగింది, మరాఠీలో. "ఈమె నీకేమవుతుంది?"

తెలుగులో చెప్పడానికి కమలాక్షి నోరు తెరిచింది. ఆమె చెప్పేదాకా సంజీవ్ ఆగలేదు. తలెత్తి తల్లి ముఖంలోకి చూశాడు.

"మాహీత్ నాహీ," అన్నాడు, తేటైన మరాఠీలో.